యూపీఎస్ చచ్చిపోయిందా? పారేసే ముందు బ్యాటరీని కొలవండి

ఇంటి కరెంటు: మీ ప్రశ్నలు, జవాబులు

మార్చి దాటిందంటే అనంతపురంలో మా అంగడికి వచ్చే సామాన్లూ, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలూ ఒకే మాట చెబుతాయి. యూపీఎస్ పలకడం లేదు, ఇన్వర్టర్ నిలవడం లేదు. అందుకే ఈసారి ఆ ఉత్తరాలనే తీసుకున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది. అదే సమస్య చాలామంది ఇళ్లలో ఉంది కాబట్టి తగ్గించి రాయడానికి మనసొప్పలేదు.

*ప్రశ్న:* ఇంట్లోనే కంప్యూటర్ మీద పట్టుచీరల డిజైన్లు వేస్తాను. మా 600 వీఏ యూపీఎస్ కొని నాలుగేళ్లయింది. కొన్నాళ్లుగా కరెంటు పోగానే కంప్యూటర్ కూడా ఆగిపోతూ వచ్చింది. ఇప్పుడు కరెంటు ఉన్నా యూపీఎస్ ఆన్ కావడం లేదు. లైటు లేదు, బీప్ లేదు. అంగట్లో చూపిస్తే మూత కూడా తీయకుండా ‘బోర్డు పోయింది, కొత్తది తీసుకోండి’ అన్నారు. మా ఆయన విప్పి చూస్తానంటున్నారు. విప్పొచ్చా?
– ఒక డిజైనర్, ధర్మవరం

*జవాబు:* విప్పొచ్చమ్మా. మీరు రాసిన వరసలోనే సగం జవాబు ఉంది. ముందు బ్యాకప్ పోయింది, అంటే కరెంటు లేనప్పుడు నడపడం మానేసింది, ఆ తర్వాత మొత్తానికే ఆగింది. బోర్డు పోతే సాధారణంగా ఒక్కసారిగా పోతుంది. టప్‌మని శబ్దమో, కాలిన వాసనో వస్తుంది. ఇలా నెమ్మదిగా నీరసించి పోయేది బ్యాటరీ. చాలా చిన్న యూపీఎస్‌లలో లోపలి కంట్రోల్ బోర్డు బ్యాటరీ మీద ఆధారపడే మేలుకుంటుంది. బ్యాటరీ పూర్తిగా అడుగంటితే గోడ ప్లగ్గులో కరెంటున్నా అది లేవదు. చూసేవాళ్లకు యూపీఎస్ మొత్తం పోయినట్టే ఉంటుంది. మూత తీయకుండా బోర్డు పోయిందని చెప్పడం మాత్రం నాకు నచ్చలేదు. కనీసం బ్యాటరీని కొలిచి చెప్పాల్సింది.

విప్పకముందు రెండు చూడండి. అదే ప్లగ్గులో ఫోన్ ఛార్జర్ పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడండి. తర్వాత యూపీఎస్ వెనక వైపు చూడండి. కొన్నింటికి తీగ దూరే చోట చిన్న నల్ల బొత్తాం ఉంటుంది, లోడు ఎక్కువైతే అది బయటికి పొడుచుకొస్తుంది, లోపలికి నొక్కితే చాలు. కొన్నింటికి గాజు ఫ్యూజు ఉంటుంది. పోయి ఉంటే దానిమీద రాసినన్ని ఆంపియర్లదే మళ్లీ వేయండి. రాగి తీగ పోగు చుట్టి పని జరుపుకోవడం మన ఇళ్లలో మామూలైపోయింది. దయచేసి అది చేయొద్దు. ఫ్యూజు పోవడం వెనక కారణం ఉంటుంది, తీగ చుడితే ఆ కారణం వచ్చి బోర్డును కాలుస్తుంది.

ఇక విప్పడం. స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గు గోడ నుంచి పూర్తిగా పీకేయాలి. కంప్యూటర్ తీగలు కూడా తీసేయాలి. చేతికి బంగారు గాజులు, ఉంగరం, మెడలో వేలాడే గొలుసు ఉంటే తీసి పక్కన పెట్టండి, మీరు విప్పినా మీ ఆయన విప్పినా. బ్యాటరీకి స్విచ్ ఉండదు. గోడ ప్లగ్గు పీకినా అది తన కరెంటు తనలోనే పెట్టుకుని ఉంటుంది. చార్జ్ ఉన్న బ్యాటరీ రెండు కొనలకూ, అంటే తీగలు తగిలించే ప్లస్, మైనస్ టెర్మినళ్లకు, ఉంగరం అడ్డంగా తగిలితే క్షణంలో ఎర్రగా కాలిపోతుంది, వేలితో సహా.

స్క్రూలు అడుగున ఉంటాయి. కనపడకపోతే రబ్బరు కాళ్ల కింద వెతకండి. మూత తీశాక బూడిద రంగు లేదా నల్ల పెట్టె ఒకటి కనిపిస్తుంది, మీద 12 వోల్టులు, 7 ఏహెచ్ అని ఉంటుంది (ఏహెచ్ అంటే ఆంపియర్-అవర్, బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత). అదే బ్యాటరీ. దాని పక్కన పచ్చటి బోర్డు, బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటాయి. వాటిని ముట్టుకోవద్దు. కెపాసిటర్లలో ప్లగ్గు పీకాక కూడా కాసేపు కరెంటు నిలిచి ఉంటుంది. ఏ తీగ ఎక్కడుందో ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. ముందు నల్ల తీగ క్లిప్పు, తర్వాత ఎర్ర తీగ క్లిప్పు తీయండి. తీగ పట్టి లాగకండి, క్లిప్పునే పట్టుకుని అటూ ఇటూ కదిపితే ఊడొస్తుంది.

బ్యాటరీ పక్కలు ఉబ్బి, పెట్టెలో ఇరుక్కుపోయి ఉంటే స్క్రూడ్రైవర్‌తో ఎత్తిపెకలించకండి. ఎన్ని స్క్రూలున్నాయో అన్నీ విప్పి దారి వదులు చేయండి. తెల్లటి పొడి గానీ తడి గానీ కనిపిస్తే అది ఆమ్లం కారిన గుర్తు, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవండి. ఉబ్బిన బ్యాటరీకి మళ్లీ చార్జింగ్ పెట్టే ఆలోచనే వద్దు.

ఉబ్బకపోతే కొలవాలి. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి ఎర్ర పిన్ను ప్లస్‌కు, నల్ల పిన్ను మైనస్‌కు ఆనించండి. నిండుగా చార్జ్ అయిన మంచి బ్యాటరీ 12.7 నుంచి 13 దాకా చూపిస్తుంది. 12 దగ్గరుంటే చార్జ్ దాదాపు ఖాళీ అయినట్టు. 10.5 కంటే కింద ఉంటే అది లోతుగా ఖాళీ అయిపోయింది. ఇందులో ఒక్కోటి సుమారు 2 వోల్టుల గడులు ఆరు ఉంటాయి. ఎంత చార్జ్ పెట్టినా 10.5 దగ్గరే ఆగిపోతోందంటే ఒక గడి పోయిందని అనుమానించాలి.

మీటర్ ఒక్కదాన్నే నమ్మకండి. ముసలి బ్యాటరీ ఏ పనీ లేకుండా ఉన్నప్పుడు 12.6 చూపించి, పని చెప్పగానే కూలబడుతుంది. మా అంగట్లో నేను బైక్ హెడ్‌లైట్ బల్బుతో పరీక్షిస్తాను. 12 వోల్టులది, 35 వాట్లది, దాదాపు 3 ఆంపియర్లు లాగుతుంది. బల్బుకు రెండు తీగలు కట్టి బ్యాటరీకి కలిపి, వెలుగుతున్నంతసేపూ మీటర్ చూస్తుండండి. బల్బు బాగా కాలుతుంది, చేత్తో పట్టుకోవద్దు, బండ మీద పెట్టండి. చార్జ్ నిండిన మంచి బ్యాటరీ 12 దగ్గర్లో నిలబడుతుంది. చచ్చిన బ్యాటరీ మొదటి నిమిషంలోనే 11 దాటి కిందికి జారుతుంది, బల్బు ఎర్రబారుతుంది. ఆ జారడం కళ్లారా చూస్తే ఇంక ఎవరి మాటా అడగక్కర్లేదు.

కొత్తది కొనేటప్పుడు 12 వోల్టులు, 7 ఏహెచ్, సీల్డ్ రకం అని అడగండి. 7.2 అని ఉన్నా ఫరవాలేదు. ధర వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది. పాతది వెంట తీసుకెళ్లండి, ఎందుకంటే కొనల వెడల్పు రెండు రకాలుంటుంది, ఒకటి 4.8 మిల్లీమీటర్లు, ఇంకొకటి 6.3. సన్న కొనకు వెడల్పు క్లిప్పు పెడితే వదులై వేడెక్కుతుంది. తయారీ తేదీ చూడండి. అన్నిటికంటే ముఖ్యం, అంగట్లోనే మీటర్ పెట్టించండి. ఏడాదిగా చార్జింగ్ లేకుండా అల్మారాలో పడి ఉన్న బ్యాటరీ కొత్త డబ్బాలో ఉన్నా సగం చచ్చినట్టే. 12.4 కంటే తక్కువ చూపిస్తే ఇంకోటి ఇమ్మనండి. మొహమాటపడొద్దు, డబ్బు మీది.

బిగించేటప్పుడు ఎర్ర తీగ ప్లస్‌కు, నల్ల తీగ మైనస్‌కు. ఇది తారుమారైతే లోపలి ఫ్యూజు, దాంతోపాటు మాస్ఫెట్‌లు (బ్యాటరీ కరెంటును ఆపి వదిలే ట్రాన్సిస్టర్లు) కూడా పోవచ్చు. బిగించే క్షణంలో చిన్న మెరుపు వస్తే భయపడకండి, కెపాసిటర్లు నిండుతున్నాయన్నమాట. మూత పూర్తిగా బిగించాకే గోడ ప్లగ్గు పెట్టాలి. మూత తీసి, ప్లగ్గు పెట్టి లోపల కొలిచే పని ఇంట్లో వద్దే వద్దు. రాత్రంతా చార్జింగ్‌లో ఉంచి, పొద్దున ప్లగ్గు పీకి మూత తీసి బ్యాటరీని కొలవండి. 13 దగ్గర చూపిస్తే చార్జర్ బాగానే ఉంది. మొదట కొలిచినదానికంటే ఏమాత్రం పెరగకపోతే చార్జర్ పోయింది. బ్యాటరీ ఒళ్లు కాలుతుంటే, ముఖ్యంగా పాతది ఉబ్బి ఉంటే, చార్జర్ హద్దు మీరి ఎక్కిస్తోంది. ఆ రెండు సందర్భాల్లోనూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలి. మంచి బ్యాటరీ పెట్టినా లేవకపోయినా అంతే. అప్పుడు బోర్డు పోయిందంటే నమ్మొచ్చు.

మీ బ్యాటరీ నాలుగేళ్లు వచ్చిందంటే మీరు బాగా చూసుకున్నట్టే. ఈ బ్యాటరీల ఆయుష్షు లెక్కలన్నీ 25 డిగ్రీల దగ్గర కట్టినవి. అక్కడి నుంచి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మిద్దె కింద గదిలో 35 అనేది చల్లటి పూట. పైగా యూపీఎస్‌ను కంప్యూటర్ బల్ల కింద మూలకు నెట్టి, గాలి రంధ్రాలకు గోడ ఆనించి, మీద చీర ముక్కో గుడ్డో కప్పుతారు. పట్టు నూలు పోగులు, దుమ్ము ఆ రంధ్రాల్లో చేరతాయి. నాలుగు వైపులా జానెడు ఖాళీ ఇవ్వండి, పడమటి గోడకు మాత్రం పెట్టకండి. కరెంటు చాలాసేపు రాదని తెలిస్తే డిజైన్ సేవ్ చేసి, కంప్యూటర్ ఆపి, యూపీఎస్ బొత్తాం కూడా ఆపేయండి. కొత్త బ్యాటరీ మీద మీ కంప్యూటర్ పావుగంట, ఇరవై నిమిషాలు నడుస్తుంది. అది పని దాచుకోవడానికి ఇచ్చిన సమయం. అంచు పూర్తిచేద్దామని చివరి బొట్టు దాకా వాడకండి. ప్రింటర్ ఉంటే, ముఖ్యంగా లేజర్‌ది, దాన్ని యూపీఎస్‌కు తగిలించకండి.

*ప్రశ్న:* మా ఇంట్లో ఇన్వర్టర్‌కు 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఉంది, మూడేళ్లయింది. రెండు ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులు అరగంట కూడా నడవడం లేదు. నీళ్లు తగ్గితే ఇంట్లో ఫిల్టర్ నీళ్లే పోస్తున్నాం. మెట్ల కింద, దేవుడి గూటి పక్కన పెట్టాం. బ్యాటరీ మార్చాలా?
– ఒక గృహిణి, ఆదోని

*జవాబు:* మొదట దేవుడి గూటి సంగతి. చార్జ్ అయ్యేటప్పుడు ఈ బ్యాటరీలోంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. దానికి నిప్పురవ్వ చాలు. దీపం, అగరుబత్తి వెలిగించే చోటికి, గాలాడని మెట్ల కిందికి అది తగదు. జవాబులో మిగతాదంతా తర్వాత చదువుకున్నా ఫరవాలేదు, ముందు బ్యాటరీనో దీపాన్నో అక్కడి నుంచి మార్చండమ్మా.

ఫిల్టర్ నీళ్లు తాగడానికి మంచివే, బ్యాటరీకి మంచివి కావు. వాటిలో ఇంకా లవణాలు మిగిలే ఉంటాయి. ప్రతిసారీ నీళ్లు ఆవిరై పోతాయి, లవణాలు లోపలే పేరుకుంటాయి. డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే పోయాలి, అదీ చార్జింగ్ పూర్తయ్యాక, గుర్తు దాకా మాత్రమే. ప్లేట్లు బయటపడేంత తగ్గితే మాత్రం అవి మునిగేంత ముందే పోసి తర్వాత చార్జింగ్ పెట్టండి. ఆమ్లం ఎప్పుడూ పోయకూడదు.

మీరు చెప్పిన లోడు 190 వాట్ల లోపే. కొత్త బ్యాటరీ అయితే ఆరేడు గంటలు మోయాలి. మార్చడానికి ముందు, ఇన్వర్టర్ ఆపి ప్లగ్గు పీకి కొనలు చూడండి. పచ్చగా, తెల్లగా పొడి పేరుకుని ఉంటే క్లిప్పులు విప్పి, వేడినీళ్లు ముంచిన గుడ్డతో తుడిచి, ఆరాక గట్టిగా బిగించి పైన వాజలీన్ రాయండి. ఆ ఒక్క పనితో కోలుకున్న బ్యాటరీలు నేను చాలా చూశాను. అప్పటికీ నిలవకపోతే బ్యాటరీ అంగడివాళ్లను హైడ్రోమీటర్ తెమ్మనండి, అది గడుల్లోని ఆమ్లం చిక్కదనం కొలిచే గొట్టం. నిండా చార్జ్ అయ్యాక ప్రతి గడీ 1.240 దగ్గర ఉండాలి. ఐదు గడులు బాగుండి ఒకటి 1.100 దగ్గరే ఆగిపోతే ఆ గడి పోయింది, ఇంక మార్చాల్సిందే. హైడ్రోమీటర్ చూడకుండా మార్చమంటే ఒప్పుకోకండి.

*ప్రశ్న:* నాపరాళ్ల పాలిష్ యూనిట్ ఆఫీసులో కంప్యూటర్ క్యాబినెట్ మీద చెయ్యి వేస్తే జివ్వుమంటోంది. యూపీఎస్ మార్చినా అంతే.
– ఒక గుమాస్తా, తాడిపత్రి

*జవాబు:* యూపీఎస్ తప్పు కాదది, ఎర్తింగ్ లేదు. కంప్యూటర్ పవర్ సప్లయిలో ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి, వాటిలోంచి కొద్దిగా లీకయ్యే కరెంటు ఎర్త్ తీగలోంచి భూమిలోకి పోవాలి. ఆ దారి మూసుకుపోతే రేకు మీద నిలిచి మీ వేలిని వెతుక్కుంటుంది. మీ నేల రాతి నేల, పైగా ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోతుంది. బొగ్గు, ఉప్పు వేసిన పాత గుంత అయితే రెండు మూడు బిందెల నీళ్లు పోసి చూడండి. జివ్వుమనడం తగ్గితే కారణం దొరికినట్టే. అయినా ఎలక్ట్రీషియన్‌తో గుంత బాగుచేయించి, మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ తీగ అసలు కలిసి ఉందో లేదో చూపించండి. నీళ్లు పారే పాలిష్ యూనిట్‌లో ఇది వాయిదా వేయాల్సిన పని కాదు. పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నులతో వాడుతుంటే ఈరోజే మార్చండి.

*ప్రశ్న:* సార్, నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను. 600 వీఏ యూపీఎస్‌లో 7 ఏహెచ్ బ్యాటరీ పోయింది. మామయ్య కారు పాత బ్యాటరీ ఉంది. తీగలు బయటికి తీసి అది తగిలిస్తే గంటలు గంటలు వస్తుందా?
– ఒక విద్యార్థి, ప్రొద్దుటూరు

*జవాబు:* నాయనా, ఆలోచన వచ్చిందంటే వోల్టులూ ఆంపియర్లూ నీకు అర్థమయ్యాయి. అందుకే వద్దని చెప్పి వదిలేయకుండా కారణం రాస్తున్నాను. ఆ యూపీఎస్‌ను పావుగంట పని కోసం తయారు చేశారు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్, మాస్ఫెట్‌లకు బిగించిన అల్యూమినియం రేకు ఆ పావుగంట వేడిని మోయడానికే సరిపోతాయి. గంటల తరబడి నడిపితే ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట కాలుతుంది. ఇక చార్జర్ సంగతి. చిన్న బ్యాటరీకి సరిపడేలా అది ఒక ఆంపియర్‌కు అటూ ఇటూగా ఇస్తుంది. 40, 50 ఏహెచ్ కారు బ్యాటరీని నింపడానికి రెండు రోజులకు పైగా పడుతుంది, కరెంటు మధ్యలో పోతే అదీ నిండదు. ఎప్పుడూ సగం ఖాళీగా ఉండే బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేటు గడ్డకట్టి చస్తుంది. పైగా కారు బ్యాటరీ ఇంజన్‌ను ఒక్కసారి బలంగా తిప్పడానికి చేసింది, నెమ్మదిగా అడుగు దాకా ఖాళీ చేస్తే తట్టుకోదు. నువ్వు పడుకునే గదిలో దాని వాయువు వేరే.

గంటల బ్యాకప్ కావాలంటే దారి ఇంకోటి ఉంది. నీకు నిజంగా కావలసింది లాప్‌టాప్, వైఫై రూటర్ అయితే లాప్‌టాప్‌కు సొంత బ్యాటరీ ఉండనే ఉంది. రూటర్‌కు 12 వోల్టుల చిన్న డీసీ యూపీఎస్ దొరుకుతుంది, అది గంటల పాటు నడుపుతుంది. ప్రయోగం చేయాలనే కోరిక ఉంటే ఆ పాత కారు బ్యాటరీకి బైక్ బల్బు తగిలించి, ప్రతి పది నిమిషాలకు వోల్టులు రాసి గ్రాఫ్ గీయి. అది మేడ మీద, గాలి తగిలే చోట చెయ్యి. ఆ గీత నాకు పంపితే చూసి జవాబు రాస్తాను.

*ప్రశ్న:* పాత యూపీఎస్ బ్యాటరీలు నాలుగు అటక మీద ఉన్నాయి. వీధిలో వచ్చే గుజరీ అతను కిలో లెక్కన కొంటానంటున్నాడు, బ్యాటరీ అంగడివాళ్లు అంతకంటే తక్కువ అంటున్నారు. ఎవరికివ్వాలి?
– ఇంటర్‌నెట్ సెంటర్ యజమాని, కడప

*జవాబు:* అంగడివాళ్లకే ఇవ్వండి. పాత బ్యాటరీలను వెనక్కి తీసుకుని సక్రమంగా కరిగించే చోటికి పంపాలనే నియమం మన దేశంలో 2001 నుంచి ఉంది. 2022లో వచ్చిన కొత్త నియమాలు ఆ బాధ్యతను బ్యాటరీలు తయారుచేసే కంపెనీల మీదే పెట్టాయి. కాబట్టి మీ పాతది తీసుకోమని మొహమాటం లేకుండా అడగండి. కొత్తవి కొంటూ ఇస్తే ధర తగ్గిస్తారు, బేరమాడండి.

గుజరీ అతని మీద నాకు కోపం లేదు, అది అతని బతుకుతెరువు. అయితే అక్కడి నుంచి అది తరచూ ఏ పెరట్లోకో పోతుంది. అక్కడ సుత్తితో పగలగొట్టి, ఆమ్లం మురికికాలువలో పోసి, లోపలి ప్లేట్లలోని సీసం లోహాన్ని కట్టెల పొయ్యి మీద కరిగిస్తారు. ఆ పొగలో, ఆ మట్టిలో ఉన్న సీసం చుట్టుపక్కల ఆడుకునే పిల్లల ఒంట్లోకి చేరి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఆ నష్టం మళ్లీ పూడేది కాదు. కిలోకు దొరికే నాలుగు రూపాయల తేడా కోసం అది చేయొద్దని మిమ్మల్ని అడుగుతున్నాను. అటక మీద నుంచి దించేటప్పుడు నాలుగింటి కొనలకూ ఇన్సులేషన్ టేపు చుట్టండి, నిలువుగానే ఉంచి తీసుకెళ్లండి. ఒకే సంచిలో టేపు లేకుండా వేస్తే, చచ్చినవనుకున్న వాటిలో మిగిలిన చార్జే నిప్పు పుట్టించగలదు.